ఒళ్ళు మరవని మందు

డాన్యూబ్ నది ఒడ్డున బ్రయిలా ఊళ్ళో ఓడలు కట్టే యార్డులో రంగు కలిపే గదికి స్మరాండాయే పెద్ద దిక్కు. ఆ గదిలోకి రెండు రకాల డబ్బాలు వచ్చేవి. ఒకదాన్లో చిక్కటి ఎపాక్సీ రంగు, రెండోదాన్లో దాన్ని గట్టిపరిచే, నీళ్ళలాంటి హార్డెనర్. విడివిడిగా ఉన్నంతకాలం రెండూ నెలల తరబడి అలా పడి ఉంటాయి. కలిపిన క్షణం నుంచి మాత్రం గడువు మొదలు. ఆ గడువులోగా స్ప్రే తుపాకీకెక్కించి ఇనుము మీద కొట్టకపోతే డబ్బాలోనే రాయై కూర్చుంటాయి. ఎండను బట్టి, చలిని బట్టి, డాన్యూబ్ మీంచి వచ్చే తేమను బట్టి గడువు మారుతూ ఉంటుంది. పొద్దున్నే తలుపు తీసి, గాలి మొహాన తగలగానే ఆ పూట ఎంత కలపాలో స్మరాండా నిర్ణయించుకునేది.

ఆమె కలిపిన రంగు కొట్టేవాడు ఆమె మొగుడు విర్జిల్. పెళ్ళికి ముందు నుంచీ అంతే. అసలు వాళ్ళ పరిచయమే తిట్లతో మొదలైంది. ముద్దకట్టిన రంగిచ్చావని అతను డబ్బా వెనక్కి తెచ్చాడు. ముద్దకట్టేదాకా ఎవరితో కబుర్లు చెబుతూ కూర్చున్నావని ఆమె అడిగింది. ఆ కబుర్లు తర్వాత ఆమెతోనే చెప్పడం మొదలుపెట్టాడు.

యార్డులో స్ప్రే కొట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. కాని విర్జిల్ కొట్టిన ఇనుము మీద చారలుండవు, కారిన గుర్తులుండవు. అందులో మొహం చూసుకుని టోపీ సర్దుకోవచ్చని తోటివాళ్ళు అనేవారు. మిగతా విషయాల్లో అతను అంత గొప్పవాడేం కాదు. బద్ధకస్తుడు. ఆదివారం చేపలు పట్టుకొస్తానని వెళ్ళి ప్లమ్ పళ్ళ సారా సీసాతో తిరిగొచ్చేవాడు. తుపాకీ చేతికొచ్చిందంటే మాత్రం వేరే మనిషైపోయేవాడు.

ఆ రోజుల్లో వాళ్ళు వాడే రంగు ఎండకు ఆగేది కాదు. ఒకటి రెండు వేసవులు గడిచేసరికి ఓడల తెల్లటి క్యాబిన్లు పసుపు పచ్చబడి, చెయ్యి రాస్తే సుద్దలా రాలేవి. ఓడల యజమానులు గోల పెట్టేవారు. అప్పుడు కొత్త హార్డెనర్ వచ్చింది. రంగుల కంపెనీ మనిషి ఒకాయన కాఫీ వేళ అందర్నీ కూర్చోబెట్టి దాని సంగతి చెప్పాడు. దీన్ని సైక్లోఅలిఫాటిక్ ఎమీన్ అంటారని, దీని అణువులు తోకల్లా సాగి ఉండకుండా ఉంగరాల్లా చుట్టుకుని ఉంటాయని, దీంతో గట్టిపడిన రంగును ఎండా వానా అంత తేలిగ్గా చెడగొట్టలేవని. ఇక యార్డంతా దానికి ఉంగరాల మందని పేరు పెట్టేసింది. పాతదానికి కుళ్ళిన చేపల కంపు. దీనికి అంత ఘాటు లేదు. వాసన లేదు కనక హానీ లేదనుకున్నారు అందరూ. చేతులకు మందపాటి తొడుగులు తప్పనిసరి అని ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పే వెళ్ళాడు. స్టోరులో ఉన్నవి పల్చటివి, గిన్నెలు తోముకునే రకం. మంచివి తెప్పిస్తానని మేస్త్రీ నెకులై మాటిచ్చాడు. తెప్పించాడు కూడా. కాని అవి వచ్చేసరికి వేసవి దాటిపోయింది.

మొదట మణికట్టు దగ్గర దురద పెట్టింది. స్మరాండా దోమ అనుకుంది. ఆ నది ఒడ్డున దోమలకేం కొరత. తర్వాత వేళ్ళ సందుల్లో చిన్న చిన్న నీటి పొక్కులు లేచాయి. వాటికి మందుల షాపులో ఏదో పూత కొనుక్కుని రాసుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే గది మారుస్తారని భయం. ఆ గదిలో ఆమె మాటకు ఎదురు లేదు, కిటికీలోంచి విర్జిల్ పనిచేసే డెక్కు కనిపిస్తుంది. అంతకంటే ఆమె కోరుకున్నదేం లేదు.

కింది అంతస్తులో ఉండే అత్తగారు అగ్లాయా కంట ఆ చేతులు పడ్డాయి. ఆవిడ తన వయసంతా చేపలు ఊరబెట్టే కార్ఖానాలో గడిపిన మనిషి.

“ఏమే, మేమంతా ఉప్పునీళ్ళలో చేతులు నానబెట్టుకునే పిల్లల్ని కన్నాం. నీ చేతులేమన్నా రాణిగారి చేతులా?” అంది.

“రాణిగారివైతే మీ అబ్బాయినెందుకు చేసుకుంటాను అత్తయ్యా,” అంది స్మరాండా. ఆ రోజుకి ఇద్దరూ నవ్వుకున్నారు.

సెప్టెంబరులో ఒకనాడు నిద్రలేచేసరికి ఆమెకు కళ్ళు తెరుచుకోలేదు. రెప్పలు ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. బుగ్గలు, మెడ ఎర్రగా కంది ఉన్నాయి. విర్జిల్ చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు. పక్కనున్న గలాట్స్ ఊరి ఆసుపత్రిలో చర్మం డాక్టరు జమ్ఫిర్ ఆమె వీపు మీద రకరకాల మందుల చుక్కలు పెట్టి, పైన పట్టీలు అంటించి, రెండు రోజులాగి రమ్మన్నాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు పట్టీలు ఊడదీస్తే ఒక్కదాని కింద మాత్రం చర్మం పొంగి, నీరు పట్టి ఉంది. ఉంగరాల మందు పెట్టింది అక్కడే.

జమ్ఫిర్ వయసు మళ్ళిన మనిషి. చెప్పాల్సింది దాచడం చేతకానివాడు. ఆమె ఒంటికి ఆ మందు ఇప్పుడు శత్రువని, ఇకమీదట రవ్వంత తగిలినా, గాలిలో ఆవిరి సోకినా ఒళ్ళు తిరగబడుతుందని చెప్పాడు.

“ఎన్నాళ్ళకు తగ్గుతుంది డాక్టరుగారూ?” అని అడిగింది స్మరాండా.

“ఈ వాపు వారంలో తగ్గుతుంది. ఆ గుణం మాత్రం పోదమ్మా. ఒళ్ళు ఒకసారి నేర్చుకున్నాక మరిచిపోదు. మరిపించే మందు నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు.”

బాగా గట్టిపడ్డ రంగుతో భయం లేదని, పచ్చిదానితోనే ప్రమాదమని ఆయన వివరించాడు. పచ్చి రంగు దగ్గరికి పోకూడదు. దాన్ని ముట్టుకున్న బట్టలు, పనిముట్లు, చేతులు, వాటి దగ్గరికీ పోకూడదు. ఆ మాట దగ్గర ఆయన విర్జిల్ వైపు చూశాడు. విర్జిల్ పొద్దుటి పని ముగించుకుని నేరుగా వచ్చాడు. అప్పటిదాకా ఆమె భుజం మీదున్న చేతిని మెల్లగా తీసి జేబులో పెట్టుకున్నాడు.

నెకులై ఆమెను క్యాంటీనుకు మార్పించాడు. మధ్యాహ్నం రంగు పనివాళ్ళు వరసలో నిలబడి గిన్నెలు చాపగానే ఆమె మొహం మండిపోయింది. వారం తిరక్కుండా మానేసింది. యార్డు గేటు దగ్గర నెకులై టోపీ చేత పట్టుకుని, తొడుగులు ముందే తెప్పించి ఉండాల్సిందమ్మా అన్నాడు. ఉండాల్సింది అన్నా, అని ఆమె ఊరుకుంది. తిట్టే ఓపిక కూడా లేకపోయింది.

యార్డు పోతే పోయింది, ఇల్లుంది కదా అనుకుంది. కాని మందు విర్జిల్ వెంట ఇంటికొచ్చేది. అతను యార్డులోనే స్నానం చేసేవాడు. బట్టలు నేలమాళిగలో మార్చుకునేవాడు. జుట్టులో తుంపర నిలుస్తుందని గుండు కొట్టించుకున్నాడు. మెట్ల మీద ఎదురుపడ్డ ఆడవాళ్ళు, నీ మొగుడు సన్యాసుల్లో కలిశాడా స్మరాండా అని అడిగేవారు. ఎంత చేసినా ఏదో ఒకటి మిగిలిపోయేది. ఒకసారి గడియారం పట్టీ, ఒకసారి తాళంచెవి, ఒకసారి గోరు కింద కంటికి కనపడనంత పిసరు. అతను ప్రేమగా కోసిచ్చిన రొట్టెముక్క తిని ఆమె పెదవులు వాచాయి.

అతను వంటింట్లో మడత మంచం వేసుకున్నాడు. పళ్ళేలు వేరు, తువాళ్ళు వేరు, కుర్చీలు వేరు. మొదట్లో దాని మీద వేళాకోళాలాడుకునేవారు.

“ఇంతకీ అంటు రోగం నీదా, నాదా?” అని అతనడిగేవాడు వంటింట్లోంచి.

“నీదే. నేను శుభ్రంగానే ఉన్నాను,” అని ఆమె గదిలోంచి అరిచేది.

క్రమంగా వేళాకోళాలు తగ్గాయి. నవంబరులో ఒక సాయంత్రం అతను మామూలు కంటే ముందే ఇంటికొచ్చి, గుమ్మం బయటే నిలబడి, యార్డులో పని మానేశానని చెప్పాడు. ఓడరేవులో ధాన్యం గోదాముకు కాపలాదారుగా కుదిరాడట. ఆ మాట చెప్పేటప్పుడు, పెద్ద చేప పట్టుకొచ్చిన పిల్లాడిలా ఉన్నాడు. వద్దని ఆమె రెండు మాటలంది. గట్టిగా అనలేదు. అనాలని ఆమెకు లేదు.

ఆ చలికాలం వాళ్ళు మళ్ళీ మొగుడూ పెళ్ళాలయ్యారు. నెల తిరిగేసరికి ఆమె చర్మం తేటపడింది. మడత మంచం మళ్ళీ నేలమాళిగకు పోయింది. ఆమె ఒక బడి వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీసే పనికి కుదిరింది. ఆదివారాలు మొక్కజొన్న సంకటి, వేయించిన చేప గిన్నెలో సర్దుకుని ఒడ్డుకు వెళ్ళేవారు. పక్కపక్కన కూర్చుని, భుజానికి భుజం ఆనించి, ఏం మాట్లాడకుండా తినేవారు. తన బతుకులో అంతకంటే మంచి రోజులు లేవని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది.

విర్జిల్ తాగుడు పెంచి ఉంటే ఆమెకు అర్థమయ్యేది. అతను తాగడం కూడా మానేశాడు. గోదాము నుంచి వచ్చి కిటికీ దగ్గర కూర్చునేవాడు, అంతే. అడిగితే ఏం లేదనేవాడు. వీధిలో నడుస్తూ నడుస్తూ ఏ పిట్టగోడ కమ్మీల దగ్గరో ఆగి, రంగు మీద బొటనవేలు రాసి, ఇది కొట్టింది మనిషా మేకా అని గొణిగేవాడు. ఆ నాలుగు తిట్లప్పుడే అతని గొంతులో ప్రాణం వినిపించేది. ధాన్యానికి కాపలా కాయడానికి కుక్క చాలని, తననెందుకు పెట్టుకున్నారో తెలియదని ఒకసారి తల్లితో అన్నాడట. అగ్లాయా ఆ మాట కోడలి చెవిన వేసింది. తప్పు పట్టడానికి కాదు, దిగులుకొద్దీ.

మే నెలాఖరులో స్మరాండాకు మళ్ళీ రెప్పలు దురద పెట్టాయి. స్ట్రాబెర్రీలు పడలేదనుకుని అవి మానేసింది. బడిలో నేల తుడిచే మందు మార్చారని తెలిసి, అదే అయ్యుంటుందనుకుని సెలవు పెట్టింది. విర్జిల్ గోదాముకు వెళ్ళిన రోజంతా ఇంట్లోనే ఉంటే దురద తగ్గేది. అతను వచ్చి పక్కన పడుకున్నాక మళ్ళీ పొడుచుకొచ్చేది. అతని చొక్కా మెడ దగ్గర మొహం పెట్టి చూసింది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. అంత సబ్బు వాసన అతని దగ్గర ఎప్పుడూ ఉండదు.

ఆ వేసవిలో ఊరికి ఎగువన నది మీదున్న పాత రైలు వంతెనకు కొత్త రంగు వేస్తున్నారు. ఊరంతా చూస్తూనే ఉంది.

మర్నాడు భోజనం దగ్గర ఆమె చేపపులుసు వడ్డిస్తూ, వంతెన మీద రంగు ఎవరు కొడుతున్నారని అడిగింది.

“ఎవరో కుర్రాళ్ళు. నాకేం తెలుసు,” అన్నాడు విర్జిల్.

“నా మొహం చూసి చెప్పు.”

అతను తలెత్తి చూశాడు. చెంచా కింద పెట్టేశాడు. వంతెన పని యార్డే తీసుకుందని, అక్కడా ఉంగరాల మందేనని, నెకులై మూడుసార్లు ఇంటి కిందికి వచ్చి బతిమాలాడని, నీళ్ళ మీద వేలాడే కమానులకు ఆ కుర్రాళ్ళ చేతులు పనికిరావని, గోదాములో తన వంతు వేరేవాడికి అప్పగించి పగలు అక్కడికి వెళ్తున్నానని ఒప్పుకున్నాడు.

“బట్టలన్నీ అక్కడే వదిలేసి వస్తున్నాను. చర్మం ఊడేలా రుద్దుకుంటున్నాను. నీకు తెలియదనుకున్నాను.”

“నాకెక్కడ తెలిసింది? దీనికి తెలిసింది,” అని ఆమె రెప్ప మీద వేలు పెట్టి చూపించింది. “ఇంకో ఆడదాని దగ్గరికి వెళ్ళుంటే అసలు బయటపడేవాడివే కాదు.”

అతనికి నవ్వొచ్చింది. ఆ వెంటనే మొహం వాలిపోయింది. రేపే నెకులైకి చెప్పేస్తానని, ఇక వెళ్ళనని అన్నాడు.

“ఎంతవరకు వచ్చింది వంతెన?” అని అడిగింది ఆమె.

“సగం దాటింది.”

“ఎలా ఉంది?”

చెప్పకూడదనుకుంటూనే చెప్పడం మొదలుపెట్టాడు. ఆ ఎత్తులో గాలి ఎలా మెలికలు తిరుగుతుందో, తుంపర ఎగిరిపోకుండా తుపాకీ ఎంత దగ్గరగా పట్టాలో, పొద్దున తొలి ఎండ పడినప్పుడు కమాను నీళ్ళ మీద ఎలా మెరుస్తుందో చేతులు తిప్పుతూ చెప్పాడు. పులుసు చల్లారిపోయింది. కిటికీ దగ్గర కూర్చునే మనిషి ఎక్కడికో పోయాడు. తాను పెళ్ళాడిన మనిషి ఎదురుగా ఉన్నాడు. వింటున్నంతసేపూ ఆమె ఆపలేదు. అతను చెప్పడం ముగించేసరికి ఆమె నిర్ణయం కూడా అయిపోయింది.

ఆ వారంలోనే ఆమె అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. అక్క పరస్కీవా భర్త పోయాక వ్రాంచా కొండల్లో ప్లమ్ తోట, నాలుగు గొర్రెలు పెట్టుకుని ఒంటరిగా ఉంటోంది. అది పోట్లాట కాదు. విర్జిల్ స్వయంగా సంచి మోసుకొచ్చి బస్సెక్కించాడు. బస్సు కదిలేదాకా దూరంగా స్తంభం పక్కన నిలబడ్డాడు. మర్నాటి నుంచి బాహాటంగానే యార్డుకు వెళ్ళాడు.

ఆదివారాలు కొండెక్కి వచ్చేవాడు. పెరట్లో పొడుగాటి బల్లకు ఆ కొసన అతను, ఈ కొసన ఆమె. ముందు గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుని కూర్చునేవారు. మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారా, సంతలో గొర్రెను బేరమాడుతున్నారా అని పరస్కీవా కసిరేది. అయినా అతను వెళ్ళిన మర్నాడు స్మరాండా మెడ కందిపోయేది. నెలకోసారి వస్తే చాలని ఆమే చెప్పింది.

అయితే చలికాలం ఒకటుంది కదా. మంచు పట్టిన ఇనుము మీద ఆ రంగు గట్టిపడదు. జిగటగా, తెల్లటి పొర కట్టి చెడిపోతుంది. అందుకని క్రిస్మసు ముందు రంగు పని కట్టేస్తే మళ్ళీ మార్చి దాకా తీసేవారు కాదు. ఆ రెండున్నర నెలలూ విర్జిల్‌కు యార్డులో మంచు ఎత్తడం, గొలుసులు సర్దడం లాంటి పనులే. అతని ఒంటి మీద మందు లేకుండా పోయేది. జనవరిలో స్మరాండా జామ్ సీసాలు, గొర్రెపాల జున్ను సంచిలో వేసుకుని బస్సులో కిందికి దిగేది. కొంగలన్నీ ఎండ వస్తే వస్తాయి, మన కొంగ మంచు పడితే వస్తుంది అనేవారు మెట్ల మీద ఆడవాళ్ళు. అలా రెండు చలికాలాలు గడిచాయి. వాళ్ళకు సంసారమంటే అదే. రోజులు తక్కువ కనక దేనికీ పోట్లాడుకునేవారు కాదు. అగ్లాయా కూడా మెత్తబడింది. పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని, బాతుకొవ్వు కరిగించి కోడలి చేతులకు మర్దనా చేసేది. నీకిష్టమైతే నువ్వు కూడా కసురుకోవే, ఎప్పుడూ నేనేనా అనేది.

మూడో ఏడు డిసెంబరులో ఫోను వచ్చింది. స్మరాండా అప్పటికే సీసాలకు పాత గుడ్డలు చుట్టి సంచి సర్దుకుంది. విర్జిల్ కాసేపు అమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి, కొండ మీద మంచు గురించి మాట్లాడాడు. అసలు విషయం రావడం లేదని ఆమెకు తెలుస్తూనే ఉంది.

“కొత్త రకం వచ్చింది. అదే ఉంగరాల మందు, చలికాలానికి వేరేగా చేశారు. గడ్డకట్టే చలిలో కూడా గట్టిపడుతుందట,” అన్నాడు చివరికి.

ఇక పని ఆగదని, ఓడల చుట్టూ గుడారాలు కట్టి ఏడాది పొడుగునా రంగు కొడతారని, జనవరి నుంచే మొదలని చెప్పాడు.

“కాదంటే?” అని అడిగింది.

“కాదంటే మార్చిలో నన్ను పిలవరు. కుర్రాళ్ళు కాచుకుని ఉన్నారు. నువ్వు చెప్పు. చెబితే మళ్ళీ గోదాముకు పోతాను. ఈసారి నిజంగానే పోతాను.”

ఆ మాట నిజమేనని ఆమెకు తెలుసు. కిటికీ దగ్గర కూర్చున్న ఆ మొహమూ గుర్తుంది. రమ్మంటే వచ్చేది ఎవరో ఆమెకు అర్థమైంది.

“వద్దులే. కొట్టి చూశావా కొత్తది? ఎలా పడుతోంది?” అంది.



“బావుంది,” అన్నాడు. “చాలా బావుంది స్మరాండా.”

ఆమె సీసాలకు చుట్టిన గుడ్డలు విప్పి, ఒక్కొక్కటీ అక్క గదిలో అరల మీద పెట్టేసింది. ఏ బస్సుకు వెళ్తావని పరస్కీవా అడిగితే, ఈ ఏడు వెళ్ళడం లేదంది.

కాని ఆ చలికాలంలోనే ఒకసారి వెళ్ళాల్సి వచ్చింది. ఫిబ్రవరిలో అగ్లాయా నిద్రలోనే పోయింది. స్మరాండా పొద్దుటి బస్సుకు దిగి నేరుగా శ్మశానానికి వెళ్ళింది. విర్జిల్ పెళ్ళినాటి సూటు వేసుకున్నాడు. ముందురోజు దాకా గుడారంలో పనిచేసిన మనిషి. ఆమెను చూడగానే రెండడుగులు ముందుకు వేశాడు. చెయ్యి చాపబోయి ఆగి, ఆ చెయ్యి తల వెనక్కి పోనిచ్చి, అవతలి పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. గుంటకు అటు అతను, ఇటు ఆమె. పాదిరీ ప్రార్థన చదువుతుండగా గాలి తిరిగితే, ఆమె శవపేటిక వైపు చూస్తూనే పక్కకు జరిగి చోటు మారింది. తెలియనివాళ్ళు చూసి, అత్త పోయినా మొగుడూ పెళ్ళాల పగ చల్లారలేదు చూడండని చెవులు కొరుక్కున్నారు. నెకులై ఒక్కడే తల వంచుకున్నాడు.

తర్వాత చర్చి హాల్లో చనిపోయినవాళ్ళ పేరు మీద పెట్టే ఉడికించిన గోధుమల తీపి అందరికీ పంచారు. విర్జిల్ కొడుకు కనక అతనే పంచాలి. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి కప్పు చేతికిస్తూ, దేవుడు ఆమెను క్షమించుగాక అనిపించుకుంటూ వచ్చాడు. స్మరాండా కూర్చున్న బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆగి, కప్పు పక్కింటావిడకు అందించాడు. ఆవిడ దాన్ని చేతి రుమాలుతో తుడిచి ఇచ్చింది. స్మరాండా అనాల్సిన మాట అంది. అంత దూరం నుంచే అతను తలూపాడు. ఆ రోజుకి వాళ్ళ మాటలు అంతే.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఊరు దాటక ముందే రెప్పలు దురద పెట్టడం మొదలైంది. గోకితే ఎక్కువవుతుందని తెలుసు కనక రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.